రకం ఒకటే, బస్తాకో రుచి: ఒక వంటశాలలో చిలగడదుంపల కేస్ స్టడీ

విశాఖపట్నంలో పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు శాకాహార భోజనాలు వండి పంపే ఒక క్యాటరర్‌కీ, ఆయనకు చిలగడదుంపలు సరఫరా చేసే విజయనగరం వైపు వ్యాపారికీ తగువు వచ్చింది. సంక్రాంతికి వచ్చిన దుంపలతో అంతా బాగానే నడిచింది. దప్పళంలో ముక్క చెదరలేదు, బూరెల్లో పూర్ణం గట్టిగా కుదిరింది. శివరాత్రి ముందు అదే వ్యాపారి పంపిన బస్తాలతో తంటా మొదలైంది. కొన్ని దుంపలు ఎంతసేపు ఉడికించినా లోపల బిరుసు పోలేదు. ఇంకొన్నిటితో చేసిన పూర్ణం జారుగా తయారై, బూరెలు నూనెలో పగిలాయి. చిప్స్ వేయిస్తే నల్లబడ్డాయి.

రకం మార్చి అంటగట్టాడని క్యాటరర్ ఆరోపణ. అన్నీ ఒకే ఊళ్లో, ఒకే తీగ నాటిన చేలల్లో తవ్విన సరుకేనని వ్యాపారి వాదన. బిల్లు ఆగిపోయింది. కోత తర్వాత పంటల నిల్వ, నాణ్యత మీద సలహాలివ్వడం నా పని కాబట్టి, సంగతి తేల్చమని ఇద్దరూ కలిసే పిలిచారు.

బస్తాలు విప్పి చూస్తే

గోడౌన్‌లో ఉన్నవాటిని మూడు వాటాలుగా విడదీశాం. మొదటివి చేలోంచి తవ్వి మూడు నాలుగు రోజులే అయినవి. రెండోవి సంక్రాంతికి ముందు తవ్వి, అప్పటినుంచీ వ్యాపారి రేకుల షెడ్డులో గోనెసంచుల్లోనే ఉన్నవి. మూడోవీ సంక్రాంతి నాటివే, కాకపోతే శివరాత్రికి మంచి ధర పలుకుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, పండక్కి వారం ముందు బయటికి తీసినవి. ఈ విషయం క్యాటరర్‌కి తెలియదు. వ్యాపారి దాచాడని కూడా అనలేను, అడిగినవాళ్లు లేరు. దుంపలు కొనేటప్పుడు రకం అడుగుతాం, ధర అడుగుతాం. ఎప్పుడు తవ్వారు, ఇన్నాళ్లూ ఎక్కడ ఉంచారు అని మాత్రం అడగం.

పైకి మూడూ ఒకేలా ఉన్నాయి: ఎర్రటి తొక్క, లోపల తెల్లటి కండ. కోస్తేనే తేడా తెలిసింది. తాజా దుంపకు కోసిన చోట పాలు చిప్పిల్లి వేళ్లకు జిగురుగా అంటుకున్నాయి. షెడ్డు దుంపల చివర్లు ముడతలు పడ్డాయి, కొన్నిటికి మొలకలు కూడా వచ్చాయి. కోల్డ్ స్టోరేజీ దుంపలు అన్నిటికంటే నిగనిగలాడుతూ ఉన్నాయి. పరీక్షగా చూస్తే తొక్క మీద అక్కడక్కడా చిన్న గుంటలు, కోస్తే కొన్నిటి లోపల గోధుమరంగు మచ్చలు. పై అందం చూసి ఎంచుకోమంటే నేనైనా ఈ బస్తానే పట్టుకెళ్తాను.

రకం మారిందా లేదా అని చూడడానికి వంటింట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. 100 గ్రాముల దుంపను తురిమి, సన్నని సెగ మీద ఓవెన్‌లో బరువు ఇక తగ్గదు అనేదాకా ఎండబెట్టి తూచాలి. మిగిలింది పొడి పదార్థం. మన దగ్గర పండే తెల్లకండ దుంపల్లో ఇది మామూలుగా 30 శాతం అటూ ఇటూగా ఉంటుంది. నారింజ కండ రకాల్లో చాలావాటికి ఇంకా తక్కువ. అమెరికాలో విరివిగా పండే బ్యూరిగార్డ్ లాంటివాటిలో 20 శాతం చుట్టుపక్కల. ఈ అంకె ఎక్కువగా ఉన్న దుంప ఉడికాక పిండిపిండిగా విచ్చుకుంటుంది, తక్కువగా ఉన్నది తడిగా, మెత్తగా నోట్లో కరుగుతుంది.

మా మూడు వాటాలూ తెల్లకండ దుంపలకు ఉండాల్సిన చోటే, ఒకదానికొకటి దగ్గరగా తూగాయి. రకం మారలేదనడానికి ఇదొక్కటే చాలదు. అయితే తొక్క రంగు, కండ రంగు, ఆకారం, రైతు చెప్పిన మాట, ఈ తూకం అన్నీ కలిసి వ్యాపారి మాటనే బలపరిచాయి. మూడింట్లోనూ పొడి పదార్థం దాదాపు అంతే ఉంది. అందులో ఎంత పిండిగా మిగిలింది, ఎంత చక్కెరగా మారింది, దుంప కణాల గోడలకు ఏమైంది అన్నవే వెతకాల్సినవి.

తీపి రెండు విడతల్లో వస్తుంది

పచ్చి దుంపలో ముందే కొంత చక్కెర ఉంటుంది, అందులో సుక్రోజ్‌దే పెద్ద వాటా. నిల్వ ఉన్నకొద్దీ పిండి కొద్దికొద్దిగా విరిగి ఇది పెరుగుతుంది. ఇది మొదటి విడత. రెండోది పొయ్యి మీద జరుగుతుంది, రుచికి దాని బలమే ఎక్కువ. చిలగడదుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. పచ్చి పిండిని అది పెద్దగా ఏమీ చేయలేదు. వేడి 60 డిగ్రీలు దాటి, పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బడం మొదలయ్యాక వాటిని విరిచి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. 80 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఆ ఎంజైమే పాడైపోతుంది. అంటే 60కీ 80కీ మధ్య దుంప ఎంత నిదానంగా వేడెక్కితే అంత తీపి పుడుతుంది.

కుంపట్లో, నివురు కింద కాల్చిన దుంప రుచి వేరే ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. సెగ నిదానంగా లోపలికి పాకుతుంది, నీరు కొంత ఆవిరైపోయి తీపి చిక్కబడుతుంది, తొక్క దగ్గర మాడిన పాకం వాసన చేరుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో, ముఖ్యంగా ముక్కలు కోసి మరిగే నీళ్లలో వేస్తే, ఆ 20 డిగ్రీల దూరాన్ని దుంప నిమిషాల్లో దాటేస్తుంది. ఉడుకుతుంది, అంతగా తియ్యబడదు.

తాజా బస్తా మీద కూడా క్యాటరర్‌కి ఫిర్యాదు ఉంది, చప్పగా ఉన్నాయని. అందుకని అందులోంచి ఒక దుంప తీసుకుని నిలువునా రెండుగా చీల్చాం. ఒక సగం కుక్కర్‌లో పెట్టాం. రెండో సగాన్ని చన్నీళ్లలో వేసి సన్నని మంట మీద నెమ్మదిగా కాగనిచ్చాం. అయ్యాక వంట మేస్త్రికి రెండూ ఇచ్చి ఏది ఏ బస్తాదో చెప్పమన్నాను. "ఇది పాత సరుకు బాబూ, ఇది కొత్తది" అన్నారాయన తడుముకోకుండా. నెమ్మదిగా ఉడికిన సగాన్నే పాత దుంప అన్నారు. రెండూ ఒకే దుంపవని చెప్పాక గిన్నె కూడా పరిశీలించి చూశారు. వేరే బస్తా జోలికి పోకుండానే తాజా దుంపల సమస్య సగం అక్కడే తీరింది.

మిగతా సగం క్యూరింగ్‌ది, అంటే తవ్విన దుంపను కొన్నాళ్లు వెచ్చగా, తేమగా ఉంచడానిది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కోల్డ్ స్టోరేజీలో ఏం జరిగింది

ఈ కేసులో గుండెకాయ ఇదే. బంగాళాదుంపకు చల్లదనం పడుతుంది, చిలగడదుంపకు పడదు. రెండింటి పేర్లలోనూ దుంప ఉన్నా, రెండోది ఉష్ణమండలపు తీగ, మార్నింగ్ గ్లోరీ కుటుంబానిది. 12 డిగ్రీల కంటే కిందికి వెళ్తే దానికి చలిదెబ్బ తగులుతుంది. ఈ బస్తాలు ఉన్న గదిలో వేడి 4 డిగ్రీల దగ్గర ఉందని వ్యాపారే కనుక్కుని చెప్పాడు. పక్కన క్యారెట్లు, యాపిళ్లు ఉన్నాయట. వాటికి ఆ చల్లదనం పడుతుంది.

చలిదెబ్బ తిన్న దుంపలో కణాల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ మారిపోతుంది. మామూలుగా వేడికి కరిగి దుంపను మెత్తబరచాల్సిన ఈ పదార్థం, కాల్షియంతో ముడిపడి వేడికి లొంగకుండా బిగుసుకుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు కోసినా ఈ లోపం కనబడదు, ఉడికాకే బయటపడుతుంది. పైపైన మెత్తగా ఉండి, లోపల పచ్చి బొప్పాయి నమిలినట్టు గట్టి ముద్ద తగులుతుంది. ఇంకో అరగంట ఉడికించినా ఆ గట్టిదనం పోదు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని హార్డ్‌కోర్ అంటారు. 10 డిగ్రీల లోపు మూడు రోజులున్నా చాలు, ఇది రావచ్చు. చల్లటి గదిలోంచి తీసి మామూలు వేడిలో కొన్నాళ్లు ఉంచాక ఇంకా గట్టిగా పైకి తేలుతుంది. వ్యాపారి సరిగ్గా అదే చేశాడు, పండక్కి వారం ముందు బయట పెట్టాడు.

ఈ దుంపల్నే దప్పళంలో వేస్తే పరిస్థితి ఇంకా కష్టం. చింతపండు పులుపు పెక్టిన్‌ను కరగనివ్వదు. అందుకే పులుసులో వేసిన కూరముక్క ఏదైనా ఆలస్యంగా మెత్తబడుతుంది. మంచి దుంపకు ఇది మేలే, ముక్క చెదరదు. చలిదెబ్బ తిన్నదానికి మాత్రం పులుపు తోడైతే ఇక ఆశ లేదు.

చిప్స్ నల్లబడడానికీ ఈ బస్తాలే కారణం. చలికి దుంపలో చక్కెరలు పెరుగుతాయి. కాగిన నూనెలో ఆ చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిస్తే ఎరుపు దాటి నలుపు, చేదు. చెడిన సరుకుతోనూ ఏదైనా చేయగలమా అని ముక్కల్ని కాసేపు వేడినీళ్లలో ముంచి, ఆ నీళ్లు పారబోసి, ఆరబెట్టి వేయించాం. చక్కెర కొంత నీళ్లలోకి దిగి రంగు మెరుగుపడింది. కరకర మాత్రం తాజా దుంపకు వచ్చినంత రాలేదు.

ఇళ్లలో ఫ్రిజ్ సంగతి కూడా ఇంతే. పచ్చి చిలగడదుంపలు ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉడికించినవి పెట్టుకోవచ్చు.

షెడ్డు బస్తాలు, బూరెలు

రేకుల షెడ్డులో మధ్యాహ్నం వేడి 30 దాటుతుంది. నెల గడిచేసరికి పిండిలో కొంత చక్కెర అయింది. ఉడికిస్తే ఈ వాటాయే అన్నిటికంటే తియ్యగా ఉంది. కుక్కర్‌లో పెట్టినా తియ్యగానే ఉంది. ఉపవాసం ఉన్నవాళ్లకు ఆకులో పెట్టే ఉడికిన దుంపకు ఇంతకంటే మంచి సరుకు ఉండదు. పూర్ణానికి వచ్చేసరికి అదే తీపి అడ్డం తిరిగింది. నీటిని పట్టి ఉంచే పిండి తగ్గి, చక్కెర పెరిగి ముద్ద జారింది. దానికి సంక్రాంతి నాటి కొలత ప్రకారమే బెల్లం వేశారు. బెల్లం తగ్గించి, ముద్దను మూకుడులో ఇంకా కాస్త దగ్గరపడనిచ్చి, కొద్దిగా వేయించిన బియ్యప్పిండి కలిపితే బూరెలు నిలబడ్డాయి.

షెడ్డు బస్తాల్లో అసలు భయం ముక్కు పురుగు. చేలోనే దుంపలో గుడ్లు పెడుతుంది, నిల్వలో పిల్లలు తొలిచేస్తాయి. పురుగు తొలిచిన దుంప తనను కాపాడుకోడానికి చేదు పదార్థాలు పుట్టిస్తుంది. తొలిచిన మేరకు కోసి పారేసినా పక్క కండలో చేదు, ఒకలాంటి మందువాసన మిగిలిపోతాయి. ఆ దుంపను పూర్తిగా పారేయాల్సిందే. బూజు పట్టిన చిలగడదుంపల్లో పశువుల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే విషం కూడా పుడుతుంది. ఈ వంటశాల తొక్కలు, ఏరివేతలు పక్క వీధి గేదెలకు వెళ్తున్నాయని తెలిసి, కుళ్లినవీ బూజు పట్టినవీ వాటిలో కలపొద్దని గట్టిగా చెప్పాను. ఆ రోజు చెప్పిన వాటన్నిటిలో వెంటనే అమలైంది ఇదే.

మధ్యలో ఇంకో చిన్న గొడవ తేలింది. బజ్జీల్లో దుంపముక్క అంచు ఆకుపచ్చగా మారుతోందని, బూజేమోనని ఒక పెళ్లివారు తిప్పి పంపారట. అది శనగపిండిలో వేసిన వంటసోడా పని. చిలగడదుంపలో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది. సోడా క్షారానికి అది ఆకుపచ్చ రంగు తేలుతుంది. దానివల్ల హాని లేదు, చూడ్డానికే బాగోదు. సోడా మానేసి బియ్యప్పిండి పెంచమన్నాను.

మరి రకానికి విలువ లేదా?

ఉంది. రకం ఒక హద్దు గీస్తుంది. నిల్వ, పొయ్యి కలిసి ఆ హద్దుల్లోనే దుంపను అటూ ఇటూ జరపగలవు. దీన్ని చూపించడానికి వేరే రైతు దగ్గర దొరికిన రెండు రంగు దుంపల్ని తెప్పించాను. తిరువనంతపురం శ్రీకార్యంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ నుంచి వచ్చిన రకాలవి. భూ సోనా కండ నారింజ రంగు, 100 గ్రాముల్లో 14 మిల్లీగ్రాముల దాకా బీటా కెరోటిన్ ఉంటుంది. భూ కృష్ణ కండ ఊదా రంగు, అందులో ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్ 90 మిల్లీగ్రాముల దాకా. రెండూ 2017లో విడుదలయ్యాయి.

నారింజ రంగు అనగానే తడిగా ఉంటుందని మేస్త్రి అనుకున్నారు. భూ సోనాలో పొడి పదార్థం 27 నుంచి 29 శాతం, అందుకే అది మన తెల్లదుంపకు దగ్గరగా పొడిగానే విచ్చుకుంది. వాసన మాత్రం గుమ్మడి, క్యారెట్ వైపు లాగుతుంది. హల్వాకు అది కలిసొచ్చింది, పులుసుకు నాకు నచ్చలేదు. భూ కృష్ణ ఉడికాక మెత్తగా, తీపి తక్కువగా తోచింది. దాన్ని దప్పళంలో వేస్తే చింతపండు పులుపుకు రంగు మారి పులుసంతా గులాబీ అయింది. పిల్లలకు సరదాగా ఉంటుందేమో, పెళ్లి బంతిలో పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు దప్పళంలో ముక్క కరిగిపోతోందని అనడం తరచూ వింటుంటాను. అక్కడి షాపుల్లో ఎక్కువగా దొరికే బ్యూరిగార్డ్, కోవింగ్టన్ నారింజ కండ, తడి రకాలు. పైగా క్యూరింగ్ చేసి నెలల తరబడి నిల్వ ఉంచి అమ్ముతారు కాబట్టి ఇంకా మెత్తన. ఎర్రటి లేదా ఊదా తొక్క, తెల్ల కండ ఉన్న మురసాకి లాంటివి వెతికితే మన దుంపకు దగ్గరగా వస్తాయి. కొన్ని దుకాణాల్లో ఈ నారింజ దుంపల మీద యామ్ అని రాసి ఉంటుంది, అది కంద కాదు, చిలగడదుంపే.

ఏం మార్చాం

ముందు క్యూరింగ్. తవ్విన దుంపను 29 నుంచి 32 డిగ్రీల వేడిలో, గాలిలో తేమ 85 నుంచి 90 శాతం ఉండేలా నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే, తవ్వేటప్పుడు తగిలిన గాయాల మీద కొత్త పొర కట్టుకుంటుంది. కుళ్లు, నీటి నష్టం తగ్గుతాయి, తీపికీ అంకురం పడుతుంది. మంచు దేశాల్లో దీనికి హీటర్లు పెట్టిన గదులు కావాలి. మాఘమాసంలో ఉత్తర కోస్తా పగటి వేడి ఇంచుమించు అక్కడే ఉంటుంది. కావాల్సింది నీడ, తేమ. షెడ్డు మూలలో దుంపల్ని చెక్కల మీద పోసి, చుట్టూ తడి గోనెలు వేలాడదీసి, రాత్రి కప్పి ఉంచే ఏర్పాటు చేశాం. మట్టి చేత్తో దులపడమే, నీళ్లతో కడగడం లేదు. శివరాత్రికి కావాల్సిన దుంప రెండు వారాల ముందు తవ్వి, వారం ఇలా ఉంచితే చప్పదనం ఫిర్యాదు ఉండదు. ఇవే దుంపల్ని కందగడ్డలనే తెలంగాణలో, గెనుసుగడ్డలనే సీమలో పండించేవాళ్లకు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గోనెలు ఇంకా తరచుగా తడపాల్సి వస్తుంది.

ఆ తర్వాతి నిల్వే ఇక్కడ తెగని సమస్య. దుంపకు నచ్చే వేడి 13 నుంచి 16 డిగ్రీలు. అలా ఉంచగలిగితే నెలలు నిలుస్తుంది. మన షెడ్డుల్లో అది అసాధ్యం. ఇటుక గోడల మధ్య ఇసుక పోసి తడిపే చల్లగది కట్టాలని వ్యాపారి అడిగాడు. వద్దన్నాను. ఆవిరి మీద ఆధారపడే చల్లదనం పొడి గాలిలో పనిచేస్తుంది, సముద్రపు తేమలో పెద్దగా దిగదు. అరటికాయల గదిలో పెడితే ఎలా ఉంటుందన్నది ఆయన రెండో ఆలోచన. ఇది తెలివైనదే, ఎందుకంటే అరటికీ 13, 14 డిగ్రీలే కావాలి. అయితే పండబెట్టడానికి ఎథిలీన్ వదిలే గది అయితే కుదరదు. ఆ వాయువుకు చిలగడదుంప కండ రంగు, రుచి చెడతాయి. పచ్చి అరటిని నిల్వ మాత్రమే చేసే గది దొరికితే ప్రయత్నించమన్నాను. దగ్గర్లో దొరకలేదు.

వంటశాలలో మార్పు ఒక్కటే: బస్తా మీద తవ్విన తేదీ, ఉంచిన చోటు మార్కర్‌తో రాయాలి. తాజావి చిప్స్‌కి, బూరెలకి, దప్పళానికి. క్యూరింగ్ అయి, తవ్వి రెండు మూడు వారాలైనవి ఉడకబెట్టడానికి, కాల్చడానికి. కోల్డ్ స్టోరేజీ సరుకు వద్దు.

బిల్లు విషయానికొస్తే, కోల్డ్ స్టోరేజీ బస్తాల ఖరీదు వ్యాపారి వదులుకున్నాడు, మిగతాది క్యాటరర్ చెల్లించాడు. రకం మార్చాడన్న మాట వెనక్కి తీసుకున్నాడు, కాస్త నసుగుతూనే.

మరుసటి సీజన్‌కి నిల్వ అవసరమే తగ్గించాలని రైతులతో తీగను మూడు వారాల తేడాతో రెండు విడతలుగా నాటించారు, శివరాత్రి దుంప శివరాత్రికే తయారయ్యేలా. మొదటి మడి బాగా వచ్చింది. రెండోదానికి చివర్లో నీళ్లు తగ్గి నేల పగిలింది. ఆ పగుళ్లలోంచి ముక్కు పురుగు దిగి, ఏరివేత ఎక్కువైంది. ఈసారి రెండో విడతకు మట్టి ఎగదోసి పగుళ్లు కప్పాలనీ, కోత దాకా పలచగా తడి ఇవ్వాలనీ రైతులతో మాట్లాడుకున్నారు.